పదకొండో పిలుపు

ఒక మనిషి మీద కక్ష తీర్చుకోవడానికి మూడేళ్ళు పట్టిందంటే ఆ మనిషైనా మహా గట్టివాడై ఉండాలి, కక్ష పట్టినవాళ్ళకైనా చచ్చేంత ఓపిక ఉండాలి. మామయ్య గట్టివాడేమీ కాదు. కుర్చీలోంచి లేవాలంటే మోకాళ్ళు పట్టుకుని "అమ్మా" అనే మనిషి. కాబట్టి ఆ ఓపికంతా కంట్రోలమ్మదే అనుకోవాలి.

కంట్రోలమ్మ అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు లెండి. ఆమె బతుకుతెరువు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. షాపు కట్టేశాక చేసే పని హామ్ రేడియో, అంటే సర్కారు లైసెన్సుతో సరదాకి నడిపే సొంత వైర్‌లెస్. ఊళ్ళో ఆ పిచ్చి ఉన్నవాళ్ళు మొత్తం పద్నాలుగు మంది. ఒకాయన లారీలకు రంగులు వేస్తాడు, ఒకాయన లెక్కల మాస్టారు, ఒకావిడ జాకెట్లు కుడుతుంది. వరదొచ్చి కరెంటు పోయి, సెల్‌ఫోన్ టవర్లు మూగబోయిన రోజున వీళ్ళు తమ సొంత సెట్లు, సొంత బ్యాటరీలు భుజాన వేసుకుని తలో మూలకీ పోతారు. ఎవరికి పడవ కావాలి, ఏ ఆస్పత్రికి మందులు కావాలి, ఏ గట్టు తెగేలా ఉంది, అన్నీ వీళ్ళ నోటిగుండానే కంట్రోల్ రూముకి చేరాలి. జీతం లేదు, భత్యం లేదు, ఇంట్లోవాళ్ళ తిట్లు మాత్రం కావలసినన్ని ఉంటాయి.

పద్నాలుగు మందీ ఉండేది ఒకే ఫ్రీక్వెన్సీ మీద. అందరూ ఒక్కసారి మైకు నొక్కితే చేపల బజారే. అందుకని మధ్యలో ఒకరు కంట్రోల్‌గా కూర్చుంటారు. ఎవరు పిలిచినా కంట్రోల్‌నే పిలవాలి, జవాబు కంట్రోలే చెప్పాలి, మధ్యలో ఇంకొకరు తల దూర్చకూడదు. కంట్రోల్ "స్టాండ్‌బై" అందంటే మిన్ను విరిగి మీద పడ్డా నోరు మెదపకూడదు. కంట్రోల్ సరేననకుండా ఎవరూ తమ పోస్టు వదలకూడదు. వచ్చిన సందేశాన్ని ఒక్క అక్షరం మార్చకుండా రాసుకుని, పంపినవాళ్ళకు పైకి చదివి వినిపించాలి. అది ఎవరి మీద ఎలాంటి సందేశమైనా సరే.

ఈ సూత్రాలన్నీ నేర్పింది మామయ్యే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో సూపర్‌వైజరుగా చేసి మానేసిన మనిషి. ఆదివారాలు తన అక్క ఇంటి ముందుగదిలో అక్క పిల్లలిద్దర్నీ, కంట్రోలమ్మనీ ఆమె తమ్ముణ్ణీ, బల్ల ముందు కూర్చోబెట్టి, చేతిలో స్కేలు పట్టుకుని అప్పజెప్పించేవాడు. తమ్ముడికి నవ్వు ఆగేది కాదు.

"పోస్టు ఎప్పుడు వదలాలిరా?"

"కంట్రోల్ వదలమంటే మామయ్యా."

"ఇల్లు తగలబడుతుంటే?"

"కంట్రోల్‌ని అడిగే తగలబడతాను మామయ్యా."

ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళు. లోపల్నించి అమ్మ, "చాల్లే, చదువు చెప్తున్నావా, వెర్రి వేషాలు నేర్పుతున్నావా" అని తన తోడబుట్టినవాణ్ణి కేకలేసేది.

మూడేళ్ళ కిందటి వరదలో కంట్రోల్ కుర్చీ మామయ్యది. తమ్ముడు అప్పటికి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏటి ఒడ్డున పంపుహౌస్ దగ్గర మూడో స్టేషన్ వాడిది. అరగంటకోసారి నీటిమట్టం చెప్పాలి. ఆమె ఊరికి ఇటు చివర నీళ్ళ ట్యాంకు మీద, ఐదో స్టేషన్. పొద్దున పదీ నలభైకి మామయ్య "అన్ని స్టేషన్లూ స్టాండ్‌బై" అన్నాడు. అని, హెడ్‌ఫోన్లు బల్లమీద పెట్టి, ఎవరికీ అప్పగించకుండా కింద హాల్లోకి దిగిపోయాడు. కింద పెద్ద అధికారి వచ్చాడట, ఫొటోలు తీస్తున్నారట. ఫొటో తరవాత టీ అన్నారు, టీ తరవాత నాలుగు మంచి మాటలు అన్నారు. వెరసి నలభై నిమిషాలు.

ఆ నలభై నిమిషాల్లో తమ్ముడు పదకొండుసార్లు పిలిచాడు. నీళ్ళు మెట్టుమెట్టూ ఎక్కుతున్నాయనీ, గట్టు మీద దారి ఇంకా మోకాలిలోతే ఉందనీ, వచ్చెయ్యమంటారా అనీ. వాడికి పడవ అక్కర్లేదు, తాడు అక్కర్లేదు. "వచ్చెయ్యి" అని ఒక్క మాట కావాలి. పన్నెండు స్టేషన్లు విన్నాయి. పన్నెండు మందీ కంట్రోల్ జవాబిస్తుందని మైకులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆమె కూడా. పదకొండూ ఇరవైకి మామయ్య మెట్లెక్కి వచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకునేసరికి గట్టు తెగింది. పంపుహౌస్ ఉన్నచోట ఏరు పారుతోంది.

మర్నాడు సాయంత్రం మామయ్య, పిలుపులన్నీ టైముతో సహా రాసే లాగ్‌బుక్ చంకన పెట్టుకుని ఒక్కొక్కరి ఇంటికీ తిరిగాడు. ఎవరు ఏం విన్నారో అడిగాడు. చివరికి అందులో రాసింది ఒక్కటే: మూడో స్టేషన్ బ్యాటరీ ఛార్జి లేక మాట అందలేదు. పన్నెండు మందిలో ఒక్కరైనా అదేమిటనలేదు. అంటే తామెందుకు ఊరుకున్నారో చెప్పుకోవాలి కదా! ఆ అబద్ధం కింద అందరికీ చోటు దొరికింది. ఆమె దగ్గరికి ఆఖర్న వచ్చాడు. పెరట్లోకి పిలిచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నువ్వు విన్నావని తెలిస్తే మీ అమ్మ బతకదే అమ్మాయీ. బ్యాటరీ అని రాస్తే అందరికీ మంచిది."

ఆమె సరేనంది. ఆ సరేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన నాలుక తనే పీక్కోవాలనిపిస్తుంది.

ఎవరికి మంచి జరిగిందో కానీ అమ్మకు మాత్రం కాదు. "వాడెప్పుడూ అంతే. ఫోను ఛార్జింగు పెట్టుకోవడం కూడా నేనే గుర్తు చెయ్యాలి. ఆ పొద్దున చెప్పడం మర్చిపోయాను" అని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. తప్పు కొడుకుదీ తనదీ అని తేల్చేసుకుంది. రాత్రింబగళ్ళు సేవ చేశాడని మామయ్యకు పతకం ఇస్తే వెళ్ళి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. పేపర్లో పడ్డ ఫొటో, ఆ రోజు హాల్లో పెద్ద అధికారి పక్కన ఇకిలిస్తూ తీయించుకున్నదే, కత్తిరించి పటం కట్టించింది. అందులో వెనక గోడ గడియారం సరిగ్గా పదకొండు చూపిస్తుంది. అమ్మకు అది కనబడదు. కూతురికి అన్నం తింటున్నంతసేపూ అదే కనబడేది, ముద్ద దిగేది కాదు.

అప్పుడు పట్టింది పంతం. మనసులో మామయ్య కాస్తా "వాడు" అయిపోయాడు. వాడూ ఒకరోజు నీళ్ళ మధ్య కూర్చుని పిలవాలి. నేను వినాలి, విని ఊరుకోవాలి. పదకొండుసార్లు పిలిచాక, చేసింది వాడి నోటితోనే వాడు కక్కాలి. అమ్మ వినాలి. అమ్మ వింటుందని ఆమెకు అనుమానం లేదు. తమ్ముడి పాత సెట్టు ఒకటి వంటింట్లో అలమర మీద ఉంది. అమ్మకు లైసెన్సు లేదు, మాట్లాడకూడదు. వినడానికి అడ్డేముంది! కొడుకు పోయినప్పటినించీ, వీళ్ళు పొద్దున్నే హాజరు వేసుకునే వేళకి దాన్ని పెట్టుకుని, వంటయ్యేదాకా వింటూ కూరలు తరుక్కుంటుంది. "మనుషుల గొంతులు వినబడితే బాగుంటుందే" అంటుంది.

తను విన్నానన్న సంగతి బయటపడకుండా వాడి సంగతి మాత్రం బయటపడాలి. అదీ ఆమె కోరిక. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, కానీ కోరిక అదే.

అందుకోసం ఒళ్ళు వంచి పనిచేసింది. ఒక్క ఆదివారం ఎగ్గొట్టలేదు. పరీక్షలన్నీ రాసింది. మామయ్య అన్న మాటకు ఎదురు చెప్పకుండా, "చిత్తం మామయ్యా" అంటూ, పళ్ళ బిగువున నవ్వుతూ. నిరుడు మోకాళ్ళు మరీ పట్టేసి మామయ్య కంట్రోల్ కుర్చీ వదులుకున్నాడు. వీళ్ళ సంఘం అధ్యక్షుడి హోదా మాత్రం ఉంచుకున్నాడు, వదులుతాడా మరి! "నా మేనకోడలికిస్తున్నా, నాకన్నా గట్టిది" అని అందరి ముందూ గొప్పగా చెప్పి ఆమెను కూర్చోబెట్టాడు. ఆమె వంగి కాళ్ళకు దండం కూడా పెట్టింది.

ఈ ఏడు వాన పట్టుకుని నాలుగు రోజులు వదల్లేదు. ఐదో రోజు పొద్దున్నే ఫోన్లు పోయాయి. ఎనిమిదింటికల్లా ఆమె కంట్రోల్ రూములో ఉంది. రెండో అంతస్తులో పొడుగాటి గది, గోడకు ఊరి పటం, దాని నిండా రంగు గుండుసూదులు. గుమ్మం పక్క బకెట్లో గొడుగులు కారుతున్నాయి. కింద జనరేటరు రొదకు కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. ఆమె పక్క కుర్చీలో లెక్కల మాస్టారు. ఆయన ఆనాటి పన్నెండు మందిలో ఒకడు. ఎదుటి బల్ల దగ్గర పడవల గుమాస్తా, ముందు చీటీల బుట్ట పెట్టుకుని ఉన్నాడు. ఈమె చీటీ రాసి బుట్టలో వేస్తే ఆయన టైము ముద్ర కొట్టి, మెట్ల దగ్గరున్న మనిషి చేత రేవుకి పంపిస్తాడు.

మామయ్యకు ఆ రోజు ఏడో స్టేషన్ పడింది. చెరువు దిగువ పాత గోడౌను, అందులో నీళ్ళకు ఇళ్ళు వదిలినవాళ్ళని ఉంచారు. ఆమె కావాలని వేసింది కాదు. "మోకాళ్ళ నొప్పి, నేను మెట్లెక్కలేను, నేలమీద ఉండే చోటు చూడు" అని ఆయనే అడిగి తీసుకున్నాడు.

పదకొండూ పదికి పిలుపు వచ్చింది.

"కంట్రోల్, ఏడో స్టేషన్. అత్యవసరం. ప్రహరీ పడిపోయింది, గోడౌన్లోకి నీళ్ళొచ్చేశాయి. తొమ్మిది మందిమి పైకప్పు మీదున్నాం. ఒక పసిపిల్ల ఉంది. పక్క గోడ పగుళ్ళిస్తోంది. పడవ కావాలి. ఓవర్."

నేలమీద చోటు అడిగినవాడు పైకప్పు ఎలా ఎక్కాడో, ప్రాణం మీదికొస్తే మోకాళ్ళు కూడా మాట వింటాయి కాబోలు! వెనక పిల్ల ఏడుపు వినబడుతోంది. ఆమె చెయ్యి తనంతట తనే చీటీ రాసింది. పైకి చదివింది: "గోడౌను పైకప్పు, తొమ్మిది మంది, ఒక పసిపిల్ల, పడవ కావాలి. రాసుకున్నాను." ఒక్క క్షణం ఆగింది. "స్టాండ్‌బై."

చీటీ బుట్టలో పడింది. గుమాస్తా ముద్ర కొట్టాడు, పదకొండూ పన్నెండు. చీటీ మెట్లు దిగిపోయింది.

"అరగంటలో అక్కడుంటుందమ్మా. ఆ మాట ఆయనకి చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటారు" అన్నాడు గుమాస్తా.

"చెప్తాను" అంది. చెప్పలేదు.

ఇందులో ఎవరైనా తప్పు పడితే పట్టండి, పడవ మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యలేదు. ఆ తొమ్మిది ప్రాణాలూ గాలికి వదిలేసేంత రాక్షసి కాదు. కానీ వాడికి తెలియకూడదు. ఆ అరగంటా వాడు చావాలి. ఆ క్షణంలో ఆమెకు ఎలా ఉందో దాచడమెందుకు, హాయిగా ఉంది. మూడేళ్ళలో మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

పదకొండూ పదిహేనుకి మళ్ళీ పిలిచాడు. "కంట్రోల్, ఏడో స్టేషన్. పడవ సంగతి ఏమైంది? ఓవర్." లాగ్‌బుక్కులో టైము వేసింది. ఏడో స్టేషన్ పిలిచింది, అని రాసింది. జవాబు ఇవ్వలేదు.

అంతలో రెండో స్టేషన్ పిలిస్తే చక్కగా పలికింది. పదో స్టేషన్ ఆస్పత్రి మందుల జాబితా చెప్తే ఓపిగ్గా రాసుకుని తిరిగి చదివింది. అందరితోనూ మాట్లాడింది. మామయ్యకు అవన్నీ వినబడుతూనే ఉంటాయి. కంట్రోల్ బతికే ఉంది, సెట్టు బాగానే ఉంది, తనకే మాట లేదు. మూడోసారి పిలిచాడు. నాలుగోసారి, "అమ్మాయీ, ఏం చేస్తున్నావక్కడ? వినబడ్డం లేదా?" అని అధ్యక్షుడి గొంతుతో కసిరాడు. నాలుగు, అని లెక్కపెట్టుకుంది. ఇంకా ఏడున్నాయి, పిలువు నాయనా.

పక్క కుర్చీలో లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఆయనకు అర్థమైపోయింది. పన్నెండు మందికీ అర్థమైపోయే ఉంటుంది. ఒక్కరూ కిక్కురుమనలేదు. మంచి క్రమశిక్షణ! మామయ్య స్కేలు పట్టుకుని నేర్పింది ఊరికే పోతుందా?

ఐదోసారికి అధ్యక్షుడు పోయాడు, ముసలాయన మిగిలాడు. "కంట్రోల్... మూల గోడ కూలింది. ఈ పిల్ల తల్లి నన్ను పట్టుకు ఊపేస్తోంది, పడవొస్తుందా రాదా అని. ఏం చెప్పమంటావ్? వస్తోందా? ఒక్క మాట చెప్పవే." పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆ ఏడుపు ఆమె వేసుకున్న లెక్కలో లేదు. మైకు మీదికి చెయ్యి పోబోయింది. గడియారం ఉన్న ఆ ఫొటో గుర్తు తెచ్చుకుని, చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఆరోసారి, పదకొండూ ఇరవై ఐదుకి, "అమ్మాయీ" అని మాత్రం అన్నాడు. ఆ తరవాత వినబడిన గొంతు మామయ్యది కాదు.

"కంట్రోలమ్మా, నేను... ఎంతో స్టేషన్ని... ఆ, తొమ్మిదోదాన్ని. పెద్దాయన అన్నిసార్లు పిలుస్తున్నారు, మీకు వినబడట్లేదా?"

జాకెట్లు కుట్టే ఆవిడ, అందరూ పిన్ని అంటారు. లైసెన్సు వచ్చి రెండు నెలలైంది. వంతెన మీద కూర్చోబెట్టారు. మాట చివర ఓవర్ అనడం ఇంకా అలవాటు కాలేదు, ఎవరు మాట్లాడుతున్నా "ఊఁ ఊఁ" అంటూ మైకు నొక్కేస్తుంది.

"తొమ్మిదో స్టేషన్, స్టాండ్‌బై" అంది కంట్రోలమ్మ, గొంతు కటువుగా.

"ఏం స్టాండ్‌బై అమ్మా! అక్కడ పసిదాని ప్రాణం పోతుంటే! రూలు తప్పితే రేపు నా లైసెన్సు పీకెయ్యండి, పోయి జాకెట్లు కుట్టుకుంటాను. పెద్దాయనా, నా మాట వినబడుతోందా? పడవ నా కిందనుంచే వెళ్ళింది. నా కళ్ళతో చూశాను. గోడౌనుకేనటయ్యా, కేకేసి అడిగాను. ఇంకో పావుగంటలో మీ దగ్గరుంటుంది. ఆ పిల్ల తల్లికి చెప్పండి, భయపడొద్దనండి. ఆఁ... ఓవర్!"

కంట్రోలమ్మకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు కడుపులో పెట్టుకు పెంచినదాన్ని ఒక దర్జీ ఆవిడ వచ్చి ఒక్క ముక్కలో గాలి తీసేసింది! మైకు నొక్కి నాలుగు దులపబోయింది. మైకు బల్లమీద పెట్టేసింది. అదే మాట, అంత తేలిగ్గా, రూలు పక్కకు నెట్టి ఎవరో ఒకరు అనవలసిన మాట. ఆ రోజు పన్నెండు మందిలో ఒక్కరు ఇంత మొండిగా ఉంటే చాలు, తమ్ముడు సాయంత్రానికి ఇంట్లో ఉండేవాడు. ఆ పన్నెండు మందిలో తనొకతె.

తరవాత మామయ్య వచ్చాడు. గొంతులో వణుకు పోయింది.

"కంట్రోల్, ఏడో స్టేషన్. పడవ పంపిన టైమెంత? ఓవర్."

లాగ్‌బుక్కులో ఉన్నది చెప్పక తప్పదు. "పదకొండూ పన్నెండు. ఓవర్."

"ఇప్పుడెంతయింది?"

"పదకొండూ ఇరవై ఎనిమిది."

"పదహారు నిమిషాలు." ఆయన ఊపిరి తీసుకోవడం వినబడింది. "సరే అమ్మాయీ. బాగుంది. నీకేం కావాలో నాకర్థమైంది. ఇస్తాను, తీసుకో. సందేశం రాసుకో. ఎవరికి అంటే, మా అక్కకి. అక్కా, ఈ వేళకి వంటింట్లో వింటూనే ఉంటావు, నాకు తెలుసు. కంట్రోల్, రాస్తున్నావా? ఓవర్."

ఆమె గుండె గంతేసింది. వచ్చింది. ఎదురుచూసినది వచ్చింది. "రాస్తున్నాను. చెప్పండి" అంది. ఆయన ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగుతుంటే కలం పరిగెత్తింది. నాలుగు వాక్యాల దాకా ఆమె ముఖం వెలిగిపోతూనే ఉంది. ఐదో వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. ఆయన ఆగలేదు. చేతికి అలవాటైన పని కాబట్టి అది మళ్ళీ కదిలింది, రాసింది.

"అంతే సందేశం. తిరిగి చదువు. ఓవర్."

లెక్కల మాస్టారు మెల్లిగా, "ఇలా ఇవ్వండమ్మా, నేను చదువుతాను" అన్నాడు. ఆ మంచితనం ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకున్నాడో! ఆమె తల అడ్డంగా ఊపింది. రాసుకున్నవాళ్ళే చదవాలి. చదవకపోతే సందేశం చేరినట్టు కాదు. చేరకపోతే వాడు చేసింది కూడా చేరనట్టే. మైకు నొక్కింది.

"అక్కా. ఆ రోజు కంట్రోల్ కుర్చీ వదిలి ఫొటో కోసం కిందికి పోయింది నేను. ఎవరికీ అప్పగించకుండా పోయాను, నలభై నిమిషాలు. నీ కొడుకు బ్యాటరీకి ఏమీ కాలేదు. వాడు వచ్చెయ్యమంటారా అని పిలుస్తూనే ఉన్నాడు, నేను లేను కాబట్టి వినలేదు." ఐదో వాక్యం కింద వేలు పెట్టుకుంది. చదివింది. "నీ కూతురు ఉంది. ఐదో స్టేషన్లో కూర్చుని మొదటినించీ చివరిదాకా వింది. జవాబు చెప్పలేదు. బ్యాటరీ అని రాద్దామన్నది నేను. సరేనన్నది తను."

"కరెక్టు" అన్నాడు మామయ్య. "చేరింది. ఓవర్."

ముసలాడు చచ్చేముందు నిజం చెప్పి పుణ్యం కట్టుకున్నాడనుకునేరు. పడవ వస్తోందని తెలిశాక చెప్పాడు. తను మునుగుతూ ఆమెను కూడా కాలు పట్టుకుని లాగాడు. ఎంతైనా గురువు కదా. ఆమె దెబ్బ ఆమెకే తిప్పికొట్టాడు, అదీ ఆమె గొంతుతోనే.

పదకొండూ నలభై రెండుకి పడవ గోడౌనుకు చేరింది. తొమ్మిది మందీ క్షేమం. కంట్రోలమ్మ ఆ మాట కూడా రాసుకుంది. లేచి పోదామనిపించింది కానీ కుర్చీ వదిలి పోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. నీళ్ళకు మనుషుల గొడవలతో పనేముంది, అవి పెరుగుతూనే ఉన్నాయి. సాయంత్రం అయిదు దాకా చీటీలు రాసింది, అందరికీ జవాబు చెప్పింది. పన్నెండు మందిలో ఒక్కరూ ఆ సందేశం ఊసెత్తలేదు. పిన్ని మాత్రం పోస్టు వదిలేముందు, "ఇంటికెళ్ళి కాస్త తిను తల్లీ" అంది. ఓవర్ అనడం మళ్ళీ మర్చిపోయింది.

ఇల్లు చేరేసరికి ఆరైంది. అమ్మ వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. పొద్దున తరగడం మొదలుపెట్టిన కూరలు సగంలోనే ఉన్నాయి. తల ఎత్తలేదు.

"ఎన్నిసార్లు పిలిచాడు?"

ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "పదకొండు."

"లెక్కపెట్టావన్నమాట."

"అమ్మా, మామయ్య ఆ కుర్చీ వదలకపోతే..."

"వాడి సంగతి నేనడగలేదు. నా కొడుకు ఏమన్నాడో అడుగుతున్నాను. మూడేళ్ళు వాడి ఆఖరి మాటలు నీ దగ్గర దాచుకున్నావు. చెప్పు. మొదటిసారి ఏమన్నాడు?"

చెప్పింది. ఒక్కొక్కటీ చెప్పింది. మూడో మెట్టు మునిగింది, వచ్చెయ్యమంటారా అన్నాడనీ, ఐదో మెట్టు అన్నాడనీ, నాలుగోసారి నవ్వుతూ "మామయ్యా, టీ తాగుతున్నారా" అన్నాడనీ. నిజంగానే తాగుతున్నాడని వాడికి తెలియదు. అమ్మ పెదవులు కొరుక్కుంటూ వింది.

"భయపడ్డాడా?"

"ఏడోసారి దాకా లేదు. తరవాత గొంతు మారింది."

"మరి బ్యాటరీ?"

"నిండుగా ఉందమ్మా. ఆఖరిదాకా స్పష్టంగా వినబడింది."

అమ్మ కళ్ళు మూసుకుంది. నెమ్మదిగా తెరిచింది. "పదకొండోసారి?"

ఆ ఒక్కటీ పన్నెండు మందికీ తెలుసు. దాన్ని ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. మామయ్య కూడా సందేశంలో పెట్టలేదు. బహుశా ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పి ఉంటే వదిలేవాడు కాదు.

"చెప్పవే."

"పదకొండోసారి కంట్రోల్‌ని పిలవలేదమ్మా. 'అక్కా, ఉన్నావా? నువ్వైనా చెప్పక్కా, వచ్చెయ్యనా?' అన్నాడు."

అమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"ఉన్నావు కదే."

"ఉన్నానమ్మా. మైకు చేతిలోనే ఉంది."

అమ్మ పీట మీద నుంచి లేచింది. కూతురు ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"రేపు పొద్దున్నే మీ మామని రమ్మను. ఇద్దర్నీ ఈ గుమ్మంలో పక్కపక్కనే నిలబెట్టి అడుగుతాను. వాడు అక్కడ లేనని చెప్పుకున్నాడు. నువ్వేం చెప్పుకుంటావో ఈ రాత్రికి ఆలోచించుకో."